కుండకు దక్కిన మర్యాద పటానికి ఎందుకు దక్కదు?

వాటికన్ మ్యూజియంలో ఒక మట్టి కుండ ఉంది. ఎత్తు రెండడుగులు. క్రీస్తుపూర్వం 540-530 ప్రాంతంలో ఏథెన్సులో ఎక్సీకియస్ అనే ఆయన చేశాడు. కుండ చేసిందీ, బొమ్మ వేసిందీ నేనేనని దాని మీదే రాసుకున్నాడు కూడా. బొమ్మలో ట్రాయ్ యుద్ధానికి వచ్చిన ఇద్దరు వీరులు, అకిలీస్, అజాక్స్, ఈటెలు భుజాన ఆనించుకుని, పలక మీదికి వంగి మన పచ్చీసు లాంటి ఆటేదో ఆడుతున్నారు. అకిలీస్ నోటి దగ్గర "నాలుగు" అని, అజాక్స్ నోటి దగ్గర "మూడు" అని అక్షరాలు ఉంటాయి. ఇద్దరూ ఆ యుద్ధం నుంచి ఇంటికి తిరిగి వెళ్ళరని ఆ కుండ కొనుక్కున్నవాడికి తెలుసు. అందుకే ఆ కాసేపటి ఆట చూస్తే మనసు కలుక్కుమంటుంది.

ఈ ఆట హోమర్‌లో లేదు. మనదాకా వచ్చిన ఏ గ్రీకు కావ్యంలోనూ లేదు. అంతమాత్రాన "ఎక్సీకియస్‌కి ఇలియడ్ సరిగ్గా తెలీదు" అని ఏ పండితుడూ అనలేదు. పోయిన కథేదైనా ఉందేమో అన్నారు, లేదా చిత్రకారుడే కల్పించాడేమో అన్నారు. అదే వాటికన్‌లో దూరిస్ అనే ఆయన బొమ్మ వేసిన ఒక పానపాత్ర ఉంది. అందులో పెద్ద పాము నోట్లోంచి జేసన్ సగం బయటికి వేలాడుతుంటాడు, ఎదురుగా అథీనా నిలబడి చూస్తుంటుంది. జేసన్‌ని పాము మింగి కక్కిన కథ ఏ పుస్తకంలోనూ మిగల్లేదు. ఆ బొమ్మే దానికి ఆధారం. బొమ్మ కూడా గ్రంథమే అని అక్కడ ఒప్పుకున్నారు.

ఇలాంటి సంగతులు తెలుగులో ఎవరైనా రాస్తే మనం శ్రద్ధగా చదువుతాం, నలుగురికీ పంపుతాం. నాకూ ఇష్టమే. నా తగవు గ్రీకు కుండతో కాదు. ఆ కుండ ముందు ఇంత వినయంగా నిలబడేవాళ్ళం, మన పటం ముందుకు వచ్చేసరికి "బాగుంది, ఎంతకిస్తారు?" అని ఎందుకు అడుగుతున్నామన్నదే.

పటం అంటే తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. ఖద్దరు బట్టకి గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి, ఆరబెట్టి, దాని మీద ఎర్రటి నేల పరిచి, గళ్ళు గళ్ళుగా కథంతా వేస్తారు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు. వేసేవాళ్ళు నకాశీలు. ఇవాళ ఆ పని ప్రధానంగా సిద్దిపేట జిల్లా చేర్యాలలో మిగిలింది కాబట్టి "చేర్యాల బొమ్మలు" అంటున్నాం, భౌగోళిక గుర్తింపు కూడా ఆ పేరుతోనే వచ్చింది. కానీ ఆ పటాలు చేర్యాల గోడల కోసం వేసినవి కావు. వాటిని చుట్టచుట్టి భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, రాత్రిపూట కర్రలకు కట్టి, ఒక్కో గడి విప్పుతూ, పుల్లతో చూపిస్తూ కథ చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు పాండవుల కథ చెబుతారు. మాదిగలకు డక్కలివాళ్ళు జాంబపురాణం, గౌడులకు ఏనూటివాళ్ళు గౌడ పురాణం, చాకళ్ళకు పటమోళ్ళు మడేలు పురాణం. మా పద్మశాలీలకు కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం.

"మా" అన్నాను కాబట్టి నేనెవరో చెప్పాలి. నాది వర్ని. చుట్టూ నిజాంసాగర్ కాలువ కింద వరి, చెరకు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ క్యాంపులు ఒక పక్క, పాత ఊళ్ళు ఒక పక్క. మా కులంవాళ్ళు నిజామాబాదు జిల్లాలో తక్కువేం కాదు. మగ్గం కూడు పెట్టడం మానేశాక ఆడవాళ్ళు బీడీలు చుట్టారు, మగవాళ్ళు భీవండి, షోలాపూర్, సూరత్ బండెక్కారు. ఆ పోయినచోట్ల కూడా మార్కండేయుడికి గుళ్ళు కట్టుకున్నారు. కథ మాత్రం వెంట పోలేదు. కథ చెప్పేవాడు ఊళ్ళోనే ఉండిపోయాడు.

ఇప్పుడు నేను వినే వాదనలు ఒక్కొక్కటే తీసుకుంటాను.

మొదటిది: "అది అసలు మార్కండేయ పురాణం కాదు కదండీ." నిజమే. సంస్కృతంలో ఉన్న మార్కండేయ పురాణం వేరు. దేవీమాహాత్మ్యం ఉన్నది అందులో. కూనపులివాళ్ళ పటంలో మార్కండేయుడి హోమంలోంచి భావనారుషి పుడతాడు. విష్ణువు నాభి తామర తూడులోంచి తీసిన దారంతో దేవతలకు బట్ట నేస్తాడు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్ళాడతాడు. లోకమంతా దిసమొలతో ఉన్నప్పుడు దేవుడి మానం కాపాడినవాడు నేతగాడు అన్నది ఆ కథ గుండెకాయ. ఇది సంస్కృత పురాణానికి పాడైపోయిన నకలు కాదు, ఇంకో పురాణం. ఎక్సీకియస్ కుండ మీది ఆట హోమర్‌లో లేకపోతే "విలువైన భిన్న కథనం" అయింది. భావనారుషి వ్యాసుడి దగ్గర లేకపోతే "కులపోళ్ళ కట్టుకథ" అయ్యాడు. ఈ రెండు తూకాలు ఒకే చేతిలో ఎట్లా ఉన్నాయి?

జాంబపురాణం సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. భూమి పుట్టకముందు ఆరు నెలల నాడే పుట్టినవాడు ఆది జాంబవుడు అని మొదలవుతుందది. బ్రాహ్మణుడితో వాదానికి దిగి, ఎవరు ముందు, ఎవరు ఎక్కువ అని అడుగుతుంది. చదువుకోనివ్వని కులం తన వాదాన్ని బట్ట మీద బొమ్మలుగా రాయించుకుని, తరాల పాటు రాత్రుళ్ళు విప్పి చెప్పించుకుంది. తెలుగులో వాదసాహిత్యం గురించి రాసేటప్పుడు దీన్ని ఏ పేజీలో పెట్టాం? చివర "జానపదం" అన్న అధ్యాయంలో, కోలాటానికీ చెక్కభజనకూ మధ్యన.

రెండో వాదన: "అది కళ కాదు, చేతిపని. వాడుక వస్తువు." గ్రీకు కుండ మాత్రం ఏమిటి? ద్రాక్షసారాలో నీళ్ళు కలుపుకునే గోళెం, నూనె బుడ్డి, నీళ్ళ బిందె, తాగే గిన్నె. వాటిని చేసినవాళ్ళు ఏథెన్సులో కెరమైకోస్ అనే కుమ్మరివాడలో బతికారు. వాళ్ళలో లిడోస్ అంటే లిడియావాడు అని అర్థం, స్కితెస్ అంటే స్కితియావాడు అని. పేర్లే చెబుతున్నాయి, పరాయి దేశపు మూలాలున్న చేతిపనివాళ్ళని. చేతులతో పనిచేసేవాణ్ణి ఆనాటి ఏథెన్సు పెద్దమనుషులు చిన్నచూపే చూశారు. మరి ఆ కుండలు కళ ఎప్పుడయ్యాయి? రెండువేల ఏళ్ళు దాటాక. నేపుల్స్‌లో ఇంగ్లండు రాయబారిగా ఉన్న విలియం హామిల్టన్ పోగుచేసిన కుండల్ని 1772లో బ్రిటిష్ మ్యూజియం కొన్నాక, వాటిని చూసి వెడ్జ్‌వుడ్ పింగాణీ సామాను చేసి అమ్మాక, పండితులు వరసబెట్టి రాశాక. అంటే మర్యాద కుండలో పుట్టలేదు. చూసేవాళ్ళు ఓపిగ్గా పోగుచేసి పెట్టారు. పటానికి లేనిది ఆ ఓపికే.

మూడోది: "మనవాళ్ళు సంతకం పెట్టలేదు, ఎవరు వేశారో ఎట్లా తెలుస్తుంది?" గ్రీకు కుండల్లో కూడా సంతకం ఉన్నవి కొన్నే. మిగతావాటికి జాన్ బీజ్లీ అనే ఆక్స్‌ఫర్డ్ పండితుడు జీవితమంతా కూర్చుని చెవి మడత ఎట్లా వేశాడు, చీలమండ గీత ఎట్లా లాగాడు, బట్ట కుచ్చిళ్ళు ఎన్ని దించాడు అని పోల్చి చూసి, ఇది ఫలానావాడి చెయ్యి అని తేల్చాడు. అసలు పేరు తెలియనివాళ్ళకు తనే పేరు పెట్టాడు. అట్లా పుట్టినవాడే "బెర్లిన్ చిత్రకారుడు". ఇరవై అయిదు వందల ఏళ్ళ కిందటి కుమ్మరివాడలో వందలమంది ఇవాళ మనకు చేతిరాత తెలిసిన మనుషులయ్యారు. నకాశీ ఇళ్ళు ఎన్నో మనకు తెలుసు. కొడుకులూ మనవలూ మన కళ్ళెదుటే ఉన్నారు. ధనాలకోట వైకుంఠం లాంటి ఒకరిద్దరికి జాతీయ అవార్డు వచ్చినప్పుడు పేరు రాశాం. తాతముత్తాతల పటాల్లో ఏది ఎవరి చెయ్యో వాళ్ళను కూర్చోబెట్టి అడగడానికి మనకు ఏ బీజ్లీ రాలేదు.

చూస్తే ఎన్ని కనబడతాయో! గ్రీకుల పాత పద్ధతిలో, నల్లబొమ్మల కుండల మీద, మగవాళ్ళు నల్లగా, ఆడవాళ్ళ ఒళ్ళు తెల్లరంగులో ఉంటారు. రంగు చూసి ఆడ, మగ పోల్చుకోవాలి. మన పటంలో దేవుడు నీలం, దేవత పసుపు, రాక్షసుడు ముదురు గోధుమ. దీపం వెలుగులో, పది గజాల దూరంలో, చదువురాని మనిషి ఎవరెవరో పోల్చుకోవడానికి ఏర్పడిన వ్యాకరణం అది. దాన్ని వ్యాకరణం అంటే నవ్వుతారు. కుండ విషయంలో అదే మాటతో పుస్తకాలున్నాయి.

పని అసలు జరగలేదని నేను అనను. బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియాలో జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి 1950లలోనే దారి వేశారు. హైదరాబాదులో జగదీశ్, కమలా మిత్తల్ దంపతులు పాత పటాల్ని సేకరించి కాపాడారు. జయధీర్ తిరుమలరావుగారు వాద్యాలూ పటాలూ పోగుచేస్తూ తిరిగారు. వరంగల్లులో తెలుగు విశ్వవిద్యాలయానికి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. వీళ్ళకు దండం పెట్టే మాట్లాడుతున్నాను. కానీ గ్రీకు కుండలకు జరిగింది చూడండి. ఏ దేశం మ్యూజియంలో ఏ కుండ ఉన్నా ఒకే పద్ధతిలో అచ్చువేసే పనిని 1922లో మొదలుపెట్టి వందల సంపుటాలు తెచ్చారు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ జాబితాలో లక్షకు పైగా కుండల వివరాలు ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. మన దగ్గర పటాలు మొత్తం ఎన్ని, ఎక్కడెక్కడ ఉన్నాయి, ఏ పటంలో ఎన్ని గళ్ళు, ఏ గడి దగ్గర ఏం చెబుతారు అని చదువుకోవడానికి నాలాంటి పాఠకుడి చేతికి అందే ఒక్క సూచి ఏది? వ్యక్తుల పూనికతో జరిగినదాన్ని భాష మొత్తం తన పనిగా తలకెత్తుకోలేదు, నా ఫిర్యాదు అది.

నాలుగో వాదన మాత్రం తేలిగ్గా తోసెయ్యలేనిది. అది అనేది నా స్నేహితులే. "ఇవన్నీ కుల పురాణాలు. ప్రతి కులమూ తానే గొప్పని చెప్పుకునే కథలు. చెప్పేవాణ్ణి ఆశ్రిత కులం అని పేరుపెట్టి అడుక్కునేలా చేసిన ఏర్పాటు. అది పోతే మంచిదే కదా, నువ్వెందుకు ఏడుస్తావు?"

ఆ ఏర్పాటు పోవాలి. అందులో నాకు సందేహం లేదు. కూనపులి ఇంటి పిల్లవాడు మా ఇంటి ముందు నిలబడి బియ్యం అడగాల్సిన పని ఏ కథ కోసమూ ఉండకూడదు. వాడు చదువుకోవాలి, ఇంజనీరు కావాలి. కానీ అడుక్కోవడం పోవడానికీ, కథ పోవడానికీ ముడి ఎవరు పెట్టారు? బానిసల మీద బతికిన ఊరు ఏథెన్సు. కుండల నిండా దేవుళ్ళు ఆడపిల్లల్ని తరుముతున్న బొమ్మలే. ఆ సమాజం కూలిపోయింది, మంచిదే. కుండని ఎవరూ పగలగొట్టుకోలేదు. ఆ సమాజం ఎట్లా ఆలోచించిందో తెలుసుకోవడానికే వాటిని చదువుతున్నారు. మనం మటుకు కులాన్ని భద్రంగా ఉంచుకుని పటాన్ని పారేస్తున్నాం. కుల సంఘాలున్నాయి, ఫంక్షన్ హాళ్ళున్నాయి, ఎన్నికలకు ముందు గర్జనలున్నాయి. మా కుల సంఘం ఒకటి లక్షలు పెట్టి చలువరాతి మార్కండేయుణ్ణి తెప్పించుకుంది. మార్కండేయుడి కథ తెలిసిన మనిషికి ఆ ప్రతిష్ఠ రోజున వేదిక మీద కుర్చీ వెయ్యలేదు. కులంలో వదిలించుకోవాల్సింది ఉంచుకుని, అందులో పుట్టిన సాహిత్యాన్ని వదిలించుకోవడం ఏ రకం అభ్యుదయం?

ఇంకొకటి కూడా ఉంది. పటాల కొనుగోళ్ళు పెరిగాయి కదా, బతుకుతున్నాయి కదా అంటారు. బతుకుతున్నది బొమ్మ. ఒక గడి మాత్రం వేసి, చట్రం కట్టి, హోటలు వరండాలో పెడుతున్నారు. కల్లు గీసే గౌడు, బతుకమ్మ ఆడే అమ్మలక్కలు. కొబ్బరిచిప్ప ముఖాలు, తాళంచెవుల గొలుసులు కూడా వచ్చాయి. నకాశీ కుటుంబానికి నాలుగు డబ్బులు వస్తున్నాయి, అందుకు సంతోషమే, వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ పూర్వం నకాశీ పటం వేసేముందు కథ చెప్పేవాడు వచ్చి కూర్చునేవాడు. ఆయన చెబుతుంటే ఈయన గీసేవాడు. పటం తయారయ్యాక పూజ చేసి తీసుకెళ్ళేవాళ్ళు. చిరిగిపోయిన పాత పటాన్ని చెత్తలో వెయ్యకుండా, చచ్చిపోయిన మనిషికి చేసినట్టు మర్యాద చేసి నీళ్ళలో కలిపేవాళ్ళు. ఇద్దరు గ్రంథకర్తలున్న పుస్తకం అది. ఇప్పుడు ఒక గ్రంథకర్తకు గిరాకీ ఉంది, రెండోవాడికి లేదు.

కొన్నేళ్ళ కింద ఒక సాంస్కృతిక ఉత్సవానికి వెళ్ళాను. పేరెందుకు లెండి. పటం కథకు పది నిమిషాలు ఇచ్చారు. రాత్రుళ్ళు రాత్రుళ్ళు నడిచే కథకి పది నిమిషాలు! ముసలాయన గణపతి గడి దాటి రెండో గడికి రాకముందే నిర్వాహకుడు పక్కకొచ్చి, "కథ చాలు తాతా, పటం మొత్తం విప్పి పట్టుకో, ఫొటోలు తీసుకుంటారు" అన్నాడు. ఆయన పుల్ల కిందికి దించి, "కథ లేకుంటే గిది ఒట్టి బట్టనే గద సారూ" అన్నాడు. ఫొటోలు బాగా వచ్చాయి.

ఆ మాటను నేను ఈ వ్యాసమంతా తిప్పి తిప్పి చెబుతున్నాను, అంతే. గ్రీకు కుండల పండితుడి కష్టమల్లా ఒకటే. బొమ్మ ఉంది, చెప్పేవాడు లేడు. ఫ్లోరెన్సులో ఫ్రాన్స్వా కుండ అని పేరుపడ్డ పెద్ద గోళెం ఉంది. రెండొందలకు పైగా బొమ్మలు, వందకు పైగా చిన్న చిన్న రాతలు. చిత్రకారుడు క్లైటియాస్ మనిషి మనిషికీ పక్కన పేరు రాశాడు కాబట్టి సరిపోయింది. 1900లో మ్యూజియం కాపలావాడొకడు కోపంతో దాని మీదికి పీట విసిరితే 638 ముక్కలైంది. ఆ ముక్కలన్నీ ఏరి, అతికించి, మళ్ళీ నిలబెట్టారు. మన పటం ముక్కలు కాలేదు. చెప్పేవాడు కూడా బతికే ఉన్నాడు. పేరు రాసి ఉండనక్కర్లేదు, పుల్ల పెట్టి చూపిస్తాడు. ప్రపంచంలో ఏ మ్యూజియం దగ్గరా లేని భాగ్యం అది. దాన్ని పది నిమిషాలకు కుదించాం.

2015 డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడినప్పుడు మా ప్రాంతమంతా మాట్లాడింది. ధర్నాలు, పాదయాత్రలు, పేపర్లలో పేజీలు. మాట్లాడాల్సిందే, వందల కుటుంబాల తిండి. పటం మూతపడితే గేటుకు నోటీసు అంటించరు. ఒక చలికాలం ఆయన ఊరికి రాడు. వచ్చే ఏడూ రాడు. ఎవరూ అడగరు. తర్వాతెప్పుడో ఆయన కొడుకు పెట్టెలోంచి చుట్ట తీసి ఎవరికో అమ్ముతాడు. పటం మ్యూజియానికి చేరుతుంది. అప్పుడు మనం వెళ్ళి దాని ముందు నిలబడి, "ఈ గడిలో ఏం జరుగుతోందో" అని పండితుల్లాగా తలలు పంకిస్తాం. మనకూ ఒక గ్రీకు కుండ తయారవుతుంది. అందుకోసమే ఎదురుచూస్తున్నట్టుంది మన వ్యవహారం.

కాబట్టి నాకు కావలసినవి చెబుతాను. పటం కథని సాహిత్య చరిత్రలో జానపదం మూల నుంచి తీసి పురాణాల అధ్యాయంలో పెట్టండి. తెలుగు ఎం.ఏ.లో ఒక ప్రబంధం ఎట్లా చదివిస్తారో అట్లా ఒక పటం, గడి గడికీ చెప్పే మాటతో సహా, పాఠ్యంగా పెట్టండి. మిగిలిన కథకుల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, మొదటి గడి నుంచి చివరి గడిదాకా, ఎన్ని రాత్రులైతే అన్ని రాత్రులు, తొందరపెట్టకుండా రికార్డు చెయ్యండి. ఆ పనికి కూలీ ఇచ్చినట్టు కాకుండా, అతిథి అధ్యాపకుడికి ఇచ్చినట్టు ఇవ్వండి. పటం ఫొటో అచ్చువేస్తే నకాశీ పేరు, కథకుడి పేరు రెండూ వెయ్యండి. ఇవేవీ కోట్ల పనులు కావు.

ప్రభుత్వం చెయ్యాలి, విశ్వవిద్యాలయం చెయ్యాలి అని చేతులు దులుపుకునే వీలు కూడా మనకు లేదు. ఈ పత్రిక చదివేవాళ్ళలో ఏదో ఒక కులంలో పుట్టనివాళ్ళు ఎవరున్నారు? మీ కులానికి పటం ఉండేదా, చెప్పేవాళ్ళు ఎవరు, ఆఖరిసారి మీ ఊరికి ఎప్పుడు వచ్చారు? ఇంట్లో పెద్దవాళ్ళను ఈ వారమే అడగండి. మీ నాయనమ్మకు ఆ ఇంటిపేరు గుర్తుండి ఉంటుంది, వాళ్ళకు ఏం పెట్టి పంపేవాళ్ళో కూడా గుర్తుండి ఉంటుంది. ఫోన్ నంబరు దొరికితే ఫోన్ చెయ్యండి. వాటికన్‌కి టికెట్ మళ్ళీ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, ఆ కుండ ఎక్కడికీ పోదు.